సముద్ర సరిహద్దుల రక్షణలో గస్తీ నౌకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గస్తీ నౌక అని దేన్ని అంటారు? ఇతర యుద్ధనౌకలకూ దీనికీ తేడా ఏమిటి?

తమ దేశపు జలాల్లో తిరుగుతూ, అక్కడికి వచ్చిపోయే పడవలను గమనిస్తూ, అవసరమైతే వాటిని ఆపి తనిఖీ చేయడానికి కట్టిన నౌక గస్తీ నౌక. తీరానికి దగ్గరగా తిరిగేవి సాధారణంగా 20 నుంచి 60 మీటర్ల పొడవుంటాయి. వారాల తరబడి దూర జలాల్లో ఉండవలసినవి 80, 90 మీటర్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ ఉంటాయి. డిస్ట్రాయర్, ఫ్రిగేట్ వంటి నౌకలను మరో యుద్ధనౌకతోనో జలాంతర్గామితోనో విమానంతోనో పోరాడటానికి నిర్మిస్తారు కాబట్టి వాటి ఖర్చులో పెద్ద భాగం క్షిపణులకూ, నీటి కింద ఉన్నవాటిని శబ్దంతో పసిగట్టే సోనార్లకూ పోతుంది. గస్తీ నౌకకు ఎదురుపడేవి చాలావరకు చేపల పడవలు, సరుకుల ఓడలు, దొంగసరుకు మోసే వేగపు పడవలు. అందువల్ల ఒక చిన్న ఫిరంగి, కొన్ని మెషీన్ గన్లు, మంచి రాడార్, చీకట్లోనూ చూడగల కెమెరాలు, ఒకటి రెండు చిన్న తనిఖీ పడవలు ఉంటే దాని పని సాగుతుంది. ఈ సామగ్రి అంతటిలోనూ ముఖ్యమైనది ఆ తనిఖీ పడవే అని చెప్పడానికి సందేహించనవసరం లేదు. సముద్రం అలజడిగా ఉన్నప్పుడు దాన్ని నీటిలోకి దించి, మనుషులతో సహా తిరిగి పైకి తీసుకోలేని నౌక, ఎన్ని ఆయుధాలున్నా, దూరం నుంచి చూడటానికి తప్ప సరిహద్దు రక్షణకు ఉపయోగపడదు.

సముద్రంలో సరిహద్దు ఎక్కడ మొదలవుతుంది?

సముద్రంలో సరిహద్దు ఒకే గీత కాదు. 1982లో కుదిరి 1994లో అమలులోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం తీరప్రాంత దేశపు అధికారాన్ని తీరం నుంచి దూరం పోయేకొద్దీ అంచెలంచెలుగా తగ్గించింది. తీరపు ఆధార రేఖ (సాధారణంగా ఆటుపోట్లలో నీరు బాగా తగ్గినప్పుడు కనిపించే తీరపు అంచు) నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల వరకు, ఉన్నవి ప్రాదేశిక జలాలు. ఇక్కడ ఆ దేశానికి సంపూర్ణ సార్వభౌమాధికారం ఉంటుంది. అయితే ఎవరికీ హాని తలపెట్టకుండా ఆగకుండా సాగిపోయే విదేశీ నౌకలకు దారి ఇవ్వవలసి ఉంటుంది. ఆ తరువాత 24 మైళ్ల వరకు ఉండే అనుబంధ మండలంలో సుంకాలు, పన్నులు, వలస, ఆరోగ్య నిబంధనల ఉల్లంఘనలను మాత్రమే అడ్డుకోవచ్చు. 200 మైళ్ల వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్ల వరకు, విస్తరించే ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలు, చమురు, సహజవాయువు వంటి వనరులపై హక్కు తీరదేశానిదే. నౌకాయాన స్వేచ్ఛ మాత్రం అందరిదీ.

ఈ అంచెల అమరిక గస్తీ నౌక కెప్టెన్ తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ శాసిస్తుంది. తీరానికి 10 మైళ్ల దూరంలో వల వేస్తున్న విదేశీ పడవను ఆపవచ్చు, 150 మైళ్ల దూరంలో వేస్తున్నా ఆపవచ్చు. కానీ అదే 150 మైళ్ల దగ్గర వల ముట్టకుండా తన దారిన పోతున్న విదేశీ సరుకుల ఓడను ఊరికే ఆపే అధికారం లేదు. పొరుగు దేశాల మధ్య దూరం 400 మైళ్లకంటే తక్కువైన చోట్ల ఈ మండలాలు ఒకదానిపై ఒకటి పడతాయి. అక్కడ ఒప్పందం కుదరకపోతే రెండు దేశాల గస్తీ నౌకలూ ఒకే నీటిని తమదిగా భావిస్తూ తిరుగుతాయి. ఘర్షణలకు మూలం తరచుగా ఇటువంటి చోట్లే ఉంటుంది.

ఈ పని నౌకాదళానిదా, తీర రక్షక దళానిదా?

దేశాన్ని బట్టి మారుతుంది. కొన్ని దేశాల్లో నౌకాదళమే గస్తీ నౌకలను నడుపుతుంది, కొన్నింటిలో తీర రక్షక దళం వేరుగా ఉంటుంది, ఐస్‌లాండ్ వంటి దేశానికి నౌకాదళమే లేదు, తీర రక్షక దళం మాత్రమే ఉంది. అంతర్జాతీయ చట్టం దృష్టిలో యుద్ధనౌకలకూ, ప్రభుత్వ సేవలో ఉన్నట్టు స్పష్టమైన గుర్తులు కలిగి అధికారం పొందిన నౌకలకూ అనుమానిత నౌకను ఆపే అధికారం ఉంది. అయినా బూడిదరంగు యుద్ధనౌక ఎదురుపడితే పొరుగు దేశం ఒక రకంగా చూస్తుంది, తెల్లరంగు పూసిన తీర రక్షక నౌక ఎదురుపడితే మరో రకంగా చూస్తుంది. రెండు దేశాల మధ్య ఉద్రిక్తత ఉన్నప్పుడు ముందుగా తీర రక్షక నౌకను పంపి, నౌకాదళాన్ని కనుచూపు మేరకు అవతల ఉంచడం వివేకవంతమైన పద్ధతి.

గస్తీ అంటే రోజంతా తిరగడమేనా?

తిరగడం అందులో ఒక భాగం. రాడార్ తెరపై కనిపించే ప్రతి చుక్కనూ గుర్తించి, ఏది దాని దారిన పోతోంది, ఏది ఒకేచోట తచ్చాడుతోంది, ఏది అకస్మాత్తుగా దిశ మార్చింది అని నమోదు చేస్తూ ఉండటమే అసలు పని. తమ ప్రాంతంలో ఏ కాలంలో ఏ చేప దొరుకుతుందో, ఏ రేవు పడవలు ఏ వేళకు బయలుదేరతాయో తెలిసిన సిబ్బందికి అసహజమైనది వెంటనే కంటపడుతుంది. చేపలే లేని కాలంలో ఒక పడవ రాత్రంతా దీపాలు ఆర్పి నిలబడి ఉంటే, యంత్రాలు చెప్పకముందే వారు అనుమానిస్తారు. ఈ పరిచయం ఒక్క రోజులో వచ్చేది కాదు కాబట్టి సిబ్బందిని తరచుగా ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి మార్చడం వల్ల నష్టమే ఎక్కువ. గస్తీ వేళలు, మార్గాలు ఊహకు అందకుండా ఉండటం కూడా అంతే అవసరం. వేళ తప్పకుండా వచ్చిపోయే నౌకను దొంగరవాణాదారులు కొద్దికాలంలోనే లెక్కగట్టి దాని వెనుక నుంచి దాటిపోతారు.

ఉపగ్రహాలు, డ్రోన్లు, తీర రాడార్లు ఉన్నప్పుడు నౌకలు ఇంకా ఎందుకు?

అవి చూడగలవు, ఆపలేవు. ఉపగ్రహ చిత్రంలో ఒక పడవ ఉన్నట్టు తెలుస్తుంది. దాని అరలో చేపలున్నాయా, మత్తుపదార్థాలున్నాయా, ఊపిరాడక కూర్చున్న మనుషులున్నారా అన్నది ఎవరో ఒకరు ఆ పడవ ఎక్కి చూస్తేనే తెలుస్తుంది.

నౌకల స్వయంచాలక గుర్తింపు వ్యవస్థ ప్రతి ఓడ పేరునూ స్థానాన్నీ చెబుతుంది కదా అనవచ్చు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఆ పరికరం విదేశీ ప్రయాణాలు చేసే 300 టన్నుల స్థూల సామర్థ్యానికి పైబడిన ఓడలకూ, ప్రయాణికుల ఓడలకూ, దేశీయంగా తిరిగే పెద్ద సరుకుల ఓడలకూ తప్పనిసరి. చిన్న పడవలకు ఆ నిబంధన వర్తించదు. పరికరం ఉన్నవారు కూడా దాన్ని ఆపివేయవచ్చు, తప్పుడు స్థానం ప్రసారం చేయవచ్చు. 2008లో ముంబైపై దాడి చేసినవారు సముద్రంలో ఒక చేపల పడవను స్వాధీనం చేసుకుని, చివరి దూరం గాలి నింపిన చిన్న పడవలో వచ్చారు. వందల కొద్దీ చేపల పడవల మధ్య అటువంటి ఒక్క పడవను పసిగట్టాలంటే దగ్గరికి వెళ్లి చూసేవారు ఉండవలసిందే. పై నుంచి చూసే సాధనాలు గస్తీ నౌకకు ఎక్కడికి వెళ్లాలో చెబుతాయి, అందువల్ల వృథా తిరుగుడు తగ్గుతుంది. నౌక అవసరం మాత్రం తగ్గదు.

అనుమానిత పడవను ఎలా ఆపుతారు?

ముందు పలకరింపు. సముద్రంలో అందరూ వినవలసిన వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో పిలిచి, పేరు, ఏ రేవు నుంచి వచ్చారు, ఎక్కడికి వెళుతున్నారు అని అడుగుతారు. జవాబు రాకపోతే లౌడ్‌స్పీకర్, హారన్, దీపాల సంకేతాలు ఉపయోగిస్తారు. అంతర్జాతీయ సంకేత సంహితలో పసుపు, నలుపు గళ్ల ‘ఎల్’ జెండా ఎగరవేస్తే వెంటనే నౌకను ఆపమని అర్థం. భాష తెలియనివారికి కూడా ఇది తెలిసి ఉండాలి. అప్పటికీ ఆగకపోతే ఆ పడవ ముక్కు ముందు నీటిలోకి హెచ్చరిక కాల్పులు జరుపుతారు.

పడవ ఆగిన తరువాత మొదలయ్యే ఘట్టం అన్నిటికంటే ప్రమాదకరమైనది. తనిఖీ బృందం చిన్న పడవలో వెళ్లి, అలల మీద పైకీ కిందికీ ఊగే రెండు పడవల మధ్య నుంచి తాడు నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. కాలు జారితే రెంటి మధ్య నలిగిపోయే అవకాశం ఉంది. పైన ఎందరున్నారో, వారి చేతుల్లో ఏముందో తెలియదు. అందువల్ల గస్తీ నౌక కాస్త దూరంలో అనువైన కోణంలో నిలబడి, బృందం ప్రతి కదలికకూ కాపు కాస్తుంది. ఎక్కినవారు ముందుగా పడవలోని వారందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఆ తరువాతే కాగితాలు, వలలు, సరుకు గదులు, ఇంధన ట్యాంకులు చూస్తారు. మొదటి పలకరింపు నుంచి ప్రతి దానికీ సమయం, స్థానం, ఫోటోలు, రాడార్ నమోదు భద్రపరచవలసి ఉంటుంది. పడవ ఆ క్షణంలో సరిహద్దుకు ఇవతలే ఉందని న్యాయస్థానంలో నిరూపించలేకపోతే అంత ప్రాణాపాయంతో చేసిన పని అక్కరకు రాకుండా పోతుంది.

ఎంతవరకు బలం ప్రయోగించవచ్చు?

తప్పనిసరి అయినప్పుడు, అవసరమైనంత మేరకు మాత్రమే. ఈ సూత్రం వెనుక చేదు అనుభవాలున్నాయి. 1929లో మద్యం దొంగరవాణా చేస్తున్న ‘ఐయామ్ అలోన్’ అనే కెనడా నౌకను అమెరికా తీర రక్షక దళ నౌక వెంటాడి మెక్సికో సింధుశాఖలో ముంచివేసింది. సిబ్బందిలో ఒకరు చనిపోయారు. ఉద్దేశపూర్వకంగా ముంచడం సమర్థనీయం కాదని 1935లో రెండు దేశాల సంయుక్త కమిషన్ తేల్చింది, అమెరికా క్షమాపణ చెప్పి పరిహారం చెల్లించవలసి వచ్చింది. 1997లో గినియా గస్తీ పడవలు ‘సైగా’ అనే చమురు నౌకపై కాల్పులు జరిపి పట్టుకున్నాయి. దాదాపు నిండా చమురుతో నీటిలో లోతుగా దిగి, 10 నాట్లకు (గంటకు 10 నాటికల్ మైళ్లకు) మించి పోలేని ఆ ఓడను ఎక్కడం కష్టం కాదని, ముందస్తు సంకేతాలు, హెచ్చరికలు లేకుండా కాల్చడం మితిమీరిన చర్య అని అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్ 1999లో తీర్పునిచ్చింది. గస్తీ నౌకలో పనిచేసే ప్రతి అధికారికీ ఈ రెండు కేసులూ కంఠతా వచ్చి ఉండాలి. ఆ నౌక చేతిలో ఉన్నది చట్టాన్ని అమలు చేసే అధికారం. సముద్రంలో యుద్ధం చేసే అధికారం వేరు. దొంగసరుకు మోస్తున్నాడన్న అనుమానంతో మనిషి ప్రాణం తీయడానికి మొదటిది అనుమతించదు.

పారిపోతే ఎంత దూరం వెంటాడవచ్చు?

తీరదేశపు జలాల్లో ఉల్లంఘన జరిగి, ఆ జలాల్లోనే ఆగమని కనిపించేలాగానో వినిపించేలాగానో సంకేతం ఇచ్చి వెంటాడటం మొదలుపెడితే, అంతర్జాతీయ జలాల్లోకి కూడా వెంట వెళ్లవచ్చు. రెండు షరతులున్నాయి. వెంటాడటం మధ్యలో తెగకూడదు. ఆ నౌక తన దేశపు లేదా మరో దేశపు ప్రాదేశిక జలాల్లోకి ప్రవేశించిన మరుక్షణం ఆగిపోవాలి.

దూరానికి పరిమితి లేదు. 2003లో దక్షిణ హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియాకు చెందిన హర్డ్ దీవి సమీపంలో అక్రమంగా చేపలు పడుతున్నదన్న అనుమానంతో ‘వియార్సా 1’ అనే నౌకను ఆస్ట్రేలియా గస్తీ నౌక ‘సదరన్ సపోర్టర్’ మంచు తుపానుల మధ్య 21 రోజుల పాటు సుమారు 3,900 నాటికల్ మైళ్లు వెంటాడింది. చివరికి దక్షిణాఫ్రికా, బ్రిటన్ నౌకల సాయంతో దక్షిణ అట్లాంటిక్‌లో దాన్ని పట్టుకున్నారు. విచారణలో మాత్రం సిబ్బంది నిర్దోషులుగా బయటపడ్డారు. వెంటాడటంలో చూపిన పట్టుదల ఎంత గొప్పదైనా సాక్ష్యానికి అది ప్రత్యామ్నాయం కాదని ఆ ఫలితం చెబుతోంది.

విదేశీ యుద్ధనౌక ప్రాదేశిక జలాల్లోకి వస్తే గస్తీ నౌక ఏం చేయగలదు?

దాన్ని ఎక్కి తనిఖీ చేయలేదు, ఎందుకంటే యుద్ధనౌకలకు చట్టపరమైన రక్షణ ఉంటుంది. నిబంధనలు పాటించమని కోరవచ్చు, పాటించకపోతే వెంటనే జలాలు విడిచి వెళ్లమని ఆదేశించవచ్చు, వెళ్లేవరకు వెంట ఉండి అంతా నమోదు చేయవచ్చు. మిగిలినది దౌత్యవేత్తల పని.

పొరపాటున సరిహద్దు దాటిన మత్స్యకారులను ఎలా చూడాలి?

వారిని చొరబాటుదారులుగా కాక మత్స్యకారులుగా చూడాలి. చేపల గుంపు వెంట పోతూనో, ఇంజన్ ఆగి గాలికి కొట్టుకుపోతూనో నీటి మీద కనిపించని గీతను దాటడం చిన్న పడవలకు అతి సహజం. చాలా పడవల్లో స్థానం చెప్పే పరికరం కూడా ఉండదు. సముద్ర చట్ట ఒప్పందం ఈ విషయంలో స్పష్టంగా ఉంది: ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల నిబంధనలు ఉల్లంఘించి పట్టుబడిన పడవనూ సిబ్బందినీ తగిన పూచీకత్తు తీసుకుని త్వరగా విడిచిపెట్టాలి, వారి దేశానికి తెలియజేయాలి, దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే జైలు శిక్ష వేయకూడదు, శారీరక శిక్ష అసలే విధించకూడదు. ప్రాదేశిక జలాల్లో పట్టుబడితే ఆ దేశపు సొంత చట్టాలు వర్తిస్తాయి కాబట్టి అక్కడ ఇంత రక్షణ ఉండదు. నెలల తరబడి జైళ్లలో మగ్గవలసి వచ్చే ప్రమాదం అక్కడ ఎక్కువ. వల వేయకుండా తడబడి వచ్చిన పడవకు దారి చూపి వెనక్కి పంపడం, యంత్రబలంతో సముద్రపు అడుగును ఊడ్చుకుపోయే పెద్ద ట్రాలర్‌ను పట్టి కేసు పెట్టడం, ఈ రెంటి మధ్య తేడాను సముద్రం మీదే గుర్తించగల అధికారి దేశానికి నిజంగా మేలు చేస్తాడు. మత్స్యకారులే సముద్రంలో ఎక్కువ సమయం గడుపుతారు. కొత్త పడవ కనిపిస్తే మొదట కబురు చెప్పగలిగేది వారే. వారి నమ్మకం పోగొట్టుకున్న గస్తీ దళం సగం చూపు పోగొట్టుకున్నట్టే.

ఆపదలో ఉన్నవారిని కాపాడటం కూడా గస్తీ నౌక బాధ్యతేనా?

అవును, ఇందులో మినహాయింపు లేదు. మునుగుతున్నవారు ఏ దేశస్థులైనా, సరిహద్దును అక్రమంగా దాటడానికి బయలుదేరినవారైనా, తన నౌకకు తీవ్ర ప్రమాదం లేనంతవరకు కాపాడటం ప్రతి కెప్టెన్ విధి. వెంటాడుతున్న పడవ బోల్తా పడితే ఆ క్షణం నుంచి వెంటాడటం రక్షణ చర్యగా మారుతుంది. ఆశ్రయం ఇవ్వాలా, తిప్పి పంపాలా అన్న చర్చ ఒడ్డుకు చేరిన తరువాతిది.

గస్తీ నౌకకు వేగం ఎంత ముఖ్యం?

అనుకునేంత కాదు. నౌక వేగం రెట్టింపు కావాలంటే ఇంజన్ శక్తి రమారమి ఎనిమిది రెట్లు కావాలి. 12 నాట్ల వేగంతో వేల మైళ్లు తిరగగల నౌక 25 నాట్లతో పరుగెత్తితే కొద్ది రోజుల్లో ఇంధనం కోసం రేవుకు రావలసి ఉంటుంది. పైగా దొంగరవాణాకు వాడే తేలికపాటి పడవలు 40 నాట్లు దాటగలవు, వాటితో పెద్ద నౌక పోటీపడలేదు. అందుకే నౌక నిదానంగా ఎక్కువ కాలం సముద్రంలో ఉండి, తనిఖీ పడవ, హెలికాప్టర్ లేదా డ్రోన్ వేగం చూసుకునే ఏర్పాటు మెరుగైనది.

ఒక దేశానికి ఎన్ని నౌకలు కావాలి?

ఒక నౌకను నిరంతరం సముద్రంలో ఉంచాలంటే సుమారు మూడు నౌకలు ఉండాలన్నది నావికుల పాత లెక్క: ఒకటి గస్తీలో, ఒకటి మరమ్మతుల్లో, మరొకటి శిక్షణలోనో దారిలోనో. కానీ జలాల విస్తీర్ణం ముందు ఈ లెక్క నిలవని దేశాలున్నాయి. పసిఫిక్‌లోని కిరిబాటి భూమి 811 చదరపు కిలోమీటర్లు. దాని ప్రత్యేక ఆర్థిక మండలం దాదాపు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆస్ట్రేలియా పసిఫిక్ దేశాలకు ఇస్తున్న 39.5 మీటర్ల గార్డియన్ తరగతి నౌకల్లో ఒకటి దానికి దక్కింది. నౌక రాడార్ చిన్న పడవను ఇరువైపులా 11 మైళ్ల దూరం వరకు చూడగలదనుకుని, 15 నాట్ల వేగంతో ఆగకుండా తిరిగితే రోజుకు సుమారు 27 వేల చదరపు కిలోమీటర్లు చూడవచ్చు. ఆ లెక్కన మొత్తాన్ని ఒక్కసారి చూసి రావడానికే నాలుగు నెలలు దాటుతుంది. అందుకే అటువంటి దేశాలు పొరుగువారి విమానాల సమాచారం పంచుకుంటూ, ఉమ్మడి గస్తీలతో నెట్టుకొస్తున్నాయి.

చిన్న గస్తీ నౌకలు పెద్ద నౌకాదళానికి ఎదురు నిలవగలవా?

ఐస్‌లాండ్ నిలిచింది. చేపల హద్దును 1958లో 12 మైళ్లకు, 1972లో 50 మైళ్లకు, 1975లో 200 మైళ్లకు పెంచుకుంటూ పోయిన ఆ చిన్న దేశం, బ్రిటన్ ఫ్రిగేట్ల కాపలాలో చేపలు పడుతున్న ట్రాలర్లను తన కొద్దిపాటి తీర రక్షక నౌకలతో ఎదుర్కొంది. 1972 నుంచి అవి ట్రాలర్ల వెనుకగా అడ్డం పోతూ, నీటిలో లాగే కత్తెర వంటి పరికరంతో వల తాళ్లను తెంచివేశాయి. వల పోయిన ట్రాలర్‌కు అక్కడ ఉండి ప్రయోజనం లేదు. నౌకలు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి, ప్రమాదాలు జరిగాయి. 1976లో బ్రిటన్ ఒప్పందానికి వచ్చింది. అమెరికా, బ్రిటన్ తదితర దేశాల సైనిక కూటమి అయిన నాటో స్థావరం ఐస్‌లాండ్‌లో ఉండటం, దాన్ని పోగొట్టుకోవడం కూటమికి ఇష్టం లేకపోవడం ఆ ఫలితానికి బలమైన కారణమే. అయినా ఆ నౌకలు రోజూ ఆ నీటిలో ఉండకపోయి ఉంటే బేరానికి చోటే ఉండేది కాదు.

గస్తీ నౌక ఆగమంటే పడవలోని వారు ఏం చేయాలి?

వేగం తగ్గించి, దిశ మార్చకుండా, 16వ ఛానల్‌లో జవాబు చెప్పాలి. రేడియో లేకపోతే అందరూ కనిపించేలా పైకి వచ్చి చేతులు ఖాళీగా చూపాలి. ఏ వస్తువునూ నీటిలోకి విసరకూడదు. చెత్తను విసిరినా సాక్ష్యం దాచినట్టు కనిపిస్తుంది. పడవ రిజిస్ట్రేషన్, చేపలవేట అనుమతి, సిబ్బంది గుర్తింపు పత్రాలు తడవని సంచిలో అందుబాటులో ఉంచుకోవాలి. తనిఖీ బృందం ఎక్కేటప్పుడు నిచ్చెనకు అడ్డంగా వల, తాడు లేకుండా తీసివేయాలి. ఇంజన్ చెడిపోయి కొట్టుకువచ్చినట్టయితే ఆ మాట మొదటే చెప్పి, చెడిన భాగాన్ని చూపాలి. పరికరంలో నమోదైన ప్రయాణ మార్గం ఉంటే చెరపకుండా ఉంచాలి, ఎందుకంటే తరువాత అదే వారి తరఫున మాట్లాడే సాక్ష్యం అవుతుంది.